ఎవరి బిడ్డ చెయ్యి పట్టుకుని ఊరు చూశాం?

తెలుగులో ఈ పదిహేను ఇరవయ్యేళ్ళలో ఒక కొత్త రకం యాత్రారచన వచ్చింది. దానికింకా ఎవరూ పేరు పెట్టలేదు. భర్త ఉద్యోగం వల్లనో తన ఉద్యోగం వల్లనో సింగపూరుకో, హాంకాంగ్‌కో, టోక్యోకో, దుబాయికో వెళ్ళిన తల్లి పిల్లల్ని వెంటేసుకుని ఆ మహానగరాన్ని చూస్తుంది. చూసింది రాస్తుంది. ప్రవాసాంధ్ర సంకలనాల్లో, ప్రత్యేక సంచికల్లో, ఆదివారం అనుబంధాల్లో ఇలాంటివి కనిపిస్తూనే ఉన్నాయి. వీటిని నేను ఇష్టంగా చదువుతాను. ఆ ఇష్టం ఉంది కాబట్టే వీటితో ఒక పేచీ పెట్టుకోవాలనిపిస్తోంది.

ముందు ఇష్టం సంగతి చెప్పాలి. మన యాత్రారచనకి మూలపురుషుడిగా చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి వెళ్ళివచ్చాడు. ఆ చరిత్రలో దారులున్నాయి, సత్రాలున్నాయి, మంచినీళ్ళ వసతి ఉంది. వెంట పెద్ద పరివారం ఉంది. పల్లకీ మోసిన బోయీలున్నారు. పసిపిల్లల ఆకలీ నిద్రా మాత్రం ఆ పుస్తకానికి విషయాలు కావు. 1870లలో ఇంగ్లండు వెళ్ళివచ్చి రాసిన పోతం జానకమ్మ దగ్గర్నుంచి 'కాశ్మీర దీపకళిక' రాసిన నాయని కృష్ణకుమారి దాకా, స్త్రీలు ప్రయాణాన్ని రాసినప్పుడు చూపు మారింది, నిజమే. కానీ ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని రెండో చేత్తో నీళ్ళ సీసా, గొడుగు, బస్సు కార్డు సర్దుకుంటూ నగరాన్ని చూసే చూపు మాత్రం ఈమధ్య వచ్చిందే.

నగరంలో పనిలేకుండా తిరుగుతూ గమనించే మనిషిని పాశ్చాత్య సాహిత్య విమర్శ చాలా గొప్ప చేసింది. ఆ మనిషి మగవాడు. అతని చేతులు ఖాళీ. 1840 ప్రాంతంలో పారిస్‌లో ఇలాంటి షికారుదార్లు తాబేలుకి తాడు కట్టి, అది నడిచే వేగంతో తాము నడవడం ఒక వేడుకగా ఉండేదని వాల్టర్ బెంజమిన్ రాశాడు. నాకు ఆ మాట చదివినప్పుడు నవ్వొచ్చింది. రెండేళ్ళ పిల్లతో బజారుకెళ్ళిన ఏ ఆడదానికీ తాబేలు అక్కర్లేదు కదా! ఇలా తిరిగే స్త్రీ సాహిత్యంలో ఎందుకు కనపడదని 1985లో జానెట్ వుల్ఫ్ అడిగింది. ఈ తల్లులు రాసేవాటిలో ఆ ప్రశ్నకి పాక్షికంగానైనా ఒక జవాబుంది. నగరాన్ని రెండడుగుల ఎత్తు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో వీళ్ళు రాశారు. ఏ స్టేషన్లో లిఫ్టు ఎక్కడుంది, ఏ మాల్‌లో పిల్లకి పాలివ్వడానికి గది ఉంది, ఏ వీధిలో మధ్యాహ్నం రెండింటికి కూడా నీడ ఉంటుంది... ఇవి చిన్న విషయాలు కావు. ఒక నగరం ఎవరికోసం కట్టారో ఇవే చెబుతాయి.

నేను 2007 నుంచి రెండేళ్ళు సింగపూరులో ఉన్నాను. అప్పటికి పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నాడికి రెండేళ్ళు. తొంభై సెంటీమీటర్ల ఎత్తు దాటని పిల్లలకి అక్కడి ఎంఆర్‌టీ రైల్లో టికెట్ లేదు. మావాడు ఆ కొలతకి కింద ఉన్నంతకాలం వాడికి ఊరంతా ఉచితమే. టెక్కా బజారు నుంచి సెరంగూన్ రోడ్డు మీదున్న శ్రీనివాస పెరుమాళ్ గుడి దాకా నడిస్తే పెద్దవాళ్ళకి పావుగంట పడుతుంది. మాకు గంటన్నర పట్టేది. 2023లో మూసేసిన జురాంగ్ పక్షుల పార్కు ఇప్పటికీ మా పిల్లల బాల్యానికి ఒక చిరునామా. వీటన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది బొటానిక్ గార్డెన్స్‌లో 2007లోనే తెరిచిన పిల్లల తోట. దాని గేటు దగ్గర ఒక నియమం రాసిపెట్టారు: వెంట పిల్లలు లేకపోతే పెద్దవాళ్ళకి ప్రవేశం లేదు.

నా దృష్టిలో ఆ నియమం ఆ ఒక్క తోటదే కాదు. ముంబై స్త్రీల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం చెప్పేది కూడా దాదాపు ఇదే. బహిరంగ స్థలంలో స్త్రీ ఊరికే ఉండకూడదు. ఏదో పని మీద వచ్చినట్టు కనిపించాలి. ఆ పనుల్లో అందరూ ఒప్పుకునేది, అడగకుండానే అర్థమయ్యేది బిడ్డ. మా రాజమండ్రిలోనూ అంతే. సాయంత్రం ఆరింటికి పుష్కరాల రేవు మెట్లమీద ఒక్కతే కూర్చున్న నలభయ్యేళ్ళ మనిషిని నలుగురు తిరిగి చూస్తారు. పక్కన పల్లీలు తింటున్న పిల్లాడుంటే ఎవరూ చూడరు. గోదావరి అదే, గట్టు అదే. ఆ పిల్లాడే ఆవిడకి పాస్‌పోర్టు. భాష తెలియని పెద్ద నగరానికి వెళ్ళిన మధ్యతరగతి తెలుగు తల్లికి కూడా ఆ పాస్‌పోర్టే పనికొచ్చింది. పిల్లలకి ఊరు చూపిస్తున్నానన్న మిషతో ఆవిడ తాను ఊరు చూసింది. ఈ రచనల్లోని ఉత్సాహమంతా అక్కడినుంచి వచ్చిందేనని నా నమ్మకం. అందుకే అవి నాకు ఇష్టం.

ఇక పేచీ.

ఈ వ్యాసాల్లో ఒక మనిషి ఉంటుంది, ఉండదు. వాక్యనిర్మాణంలో చూడండి. తల్లి చేసిన పనులకి కర్త ఉంటుంది: వెళ్ళాం, చూశాం, తప్పిపోయాం, నవ్వుకున్నాం. ఇంకొన్ని పనులు వాటంతటవే అయిపోతాయి: తిరిగి ఇంటికొచ్చేసరికి వంటయింది, చిన్నాడు అప్పటికే స్నానం చేసి ఉన్నాడు, డబ్బాలు సర్ది ఉన్నాయి. కర్త తప్పనిసరైన చోట 'హెల్పర్' అనే మాట ఒకటి పడుతుంది. పేరుండదు, ఊరుండదు. ఆవిడ ఇండోనేసియానో ఫిలిప్పీన్సో మయన్మారో మనదేశమో మనకి తెలియదు. తోపుడుబండిని మ్యూజియం మెట్లమీదుగా ఎత్తింది ఎవరన్నది వాక్యంలో ఉండదు. ఎత్తబడింది, అంతే. కర్మణి ప్రయోగం తెలుగుకి సహజం కాదని మాకు బళ్ళో చెప్పేవారు. ఇంటిచాకిరీ విషయంలో మాత్రం అది మనకి భలే సహజంగా వచ్చేస్తుంది!

సింగపూరులో ఈ పథకం 1978లో మొదలైంది. ఇప్పుడు అక్కడ రెండున్నర లక్షలకి పైగా స్త్రీలు ఇళ్ళల్లో ఉండి పనిచేస్తున్నారు. ఆర్నెల్లకోసారి వాళ్ళకి వైద్యపరీక్ష తప్పనిసరి. గర్భం అని తేలితే తిరిగి పంపేస్తారు. వారానికో సెలవురోజు అన్నది 2013 నుంచి ఇచ్చే పర్మిట్లతో మొదలైన హక్కు. అంటే ఒక తల్లి తన బిడ్డతో ఆ నగరాన్ని కనుక్కోవాలంటే, ఆ ఇంట్లోనే ఉన్న ఇంకో స్త్రీ అక్కడ ఉన్నన్నాళ్ళూ తల్లి కాకుండా ఉండాలి. ఈ రెండూ విడివిడి వార్తలు కావు. మేమున్న భవనం కింద ఖాళీ జాగాలో సాయంత్రం పూట పిల్లల్ని ఆడించేవాళ్ళలో కన్నతల్లులు ఐదారుగురికి మించి ఉండేవారు కాదు. మిగిలిన పాతికమందీ జీతానికి వచ్చిన అమ్మలు. ఆ నగరంలో పిల్లలతో ఎక్కువగా తిరిగింది వాళ్ళే. పిల్లలతో చూసిన నగరం గురించి రాసే అధికారం ఎవరికైనా ముందుగా ఉందంటే అది వాళ్ళకే ఉండాలి.

ఇదంతా ఎక్కడో జరిగే విషయం అనుకోవడానికి గోదావరి జిల్లాలవాళ్ళకి వీల్లేదు. అటు రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, ఇటు నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు వైపు నుంచి కువైట్‌కి, మస్కట్‌కి, బహ్రెయిన్‌కి ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు లేని ఊరు వెతుక్కోవాలి. (ఏ దేశం వెళ్ళినా మా దగ్గర 'దుబాయ్ ఎల్లింది' అనే అంటారు.) భాష దగ్గరే తేడా మొదలవుతుంది. సింగపూరు వెళ్ళిన ఇంజనీరు భార్య ప్రవాసాంధ్రురాలు. కువైట్ వెళ్ళిన రాజోలు మనిషి వలసకూలీ, లేదా గల్ఫ్ బాధితురాలు. ఇద్దరూ పరాయి దేశంలో పిల్లల్ని పెంచినవాళ్ళే.

నరసాపురం పేరు స్త్రీవాదులకి కొత్త కాదు. మరియా మీస్ 1982లో ప్రచురించిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' మనలో చాలామందికి పాఠ్యగ్రంథం. ఇంట్లో కూర్చుని రోజుకి ఆరేడు గంటలు లేసు అల్లి, అంతర్జాతీయ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న స్త్రీలని ఉత్త గృహిణులుగా, వాళ్ళ పనిని తీరికవేళ కాలక్షేపంగా ఎలా చూపించారో ఆమె విప్పిచెప్పింది. పొలానికి వెళ్ళకపోవడమే గౌరవమనుకున్న ఇళ్ళలో ఆ గౌరవమే కూలిరేటుని తొక్కిపెట్టింది. ఆ పుస్తకానికి రెండో భాగం ఎవరూ రాయలేదని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అదే తాలూకాల నుంచి తరవాతి తరం స్త్రీలు తమ ఇల్లు వదిలి పరాయివాళ్ళ ఇంట్లోకి వెళ్ళారు. నేను కలిసినవాళ్ళలో దళిత, వెనుకబడిన కులాలవాళ్ళే ఎక్కువ. కులం మారింది, గడప మారింది. కానీ ఇంట్లో చేసే పని పని కాదన్న పాతమాట అలాగే ఉంది.

మన ప్రభుత్వం పెట్టిన నిబంధన ఒకదాన్ని దీని పక్కన పెట్టి చదవాలి. వలస అనుమతి కావలసిన దేశాలకి ఇంటిపని మీద వెళ్ళే స్త్రీకి ముప్ఫయ్యేళ్ళు నిండాలి. వయసులో ఉన్న ఆడపిల్లల్ని కాపాడటానికట! 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలన్న నియమం కూడా వచ్చింది. ఇవి తప్పించుకోవడానికి విజిటింగ్ వీసాల దారులు పుట్టాయి, అది వేరే కథ. ఈ వయసు నిబంధనకి ఇంకో అర్థం ఉంది. మా జిల్లాల్లో ముప్ఫయ్యేళ్ళు నిండిన ఆడదానికి బడికెళ్ళే వయసు పిల్లలుంటారు. అంటే చట్టం తెలిసో తెలియకో తల్లుల్నే ఎంచి పంపుతోంది. తన పిల్లల్ని పెంచిన అనుభవాన్ని కువైట్ ఇంటికి అర్హతగా పట్టుకెళ్ళమంటోంది. ఆ పిల్లల్ని మాత్రం ఇక్కడే వదిలెయ్యమంటోంది.

రాజోలు ప్రాంతపు మనిషి ఒకావిడ పదకొండేళ్ళు కువైట్‌లో ఒకే ఇంట్లో చేసి వచ్చింది. వెళ్ళేటప్పటికి ఆవిడకి ముప్ఫై ఒకటి, కూతురికి ఎనిమిది. ఆవిడతో నేను నాలుగైదుసార్లు మాట్లాడాను. మాటల్లో ఎక్కువసార్లు "మా బాబు" వస్తుంటే, ఏ బాబమ్మా అని అడిగాను. "కువైట్ బాబండి. నాకు మొగపిల్లలెక్కడున్నారండీ!" అని నవ్వింది. ఆ ఇంటి యజమానురాల్ని ఆవిడ 'మామా' అని పిలిచేది. అక్కడ అలాగే పిలుస్తారు. మొదటి ఏడాది ఆ పిలుపు నోరు తిరగలేదట. మనకి మామ అంటే మీసాలుంటాయి కదండీ అంది!

నగరం చూశారా అని అడిగితే చూళ్ళేదంది. కాసేపటికి, చూశానంది. సాల్మియాలో సముద్రం ఒడ్డున సైంటిఫిక్ సెంటర్ ఉంది. అందులో చేపల అద్దాలగదులున్నాయి. బాబుకి సొరచేపలంటే పిచ్చి కాబట్టి ఆవిడ అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. ఏ అద్దం దగ్గర జనం తక్కువ, ఎక్కడ కూర్చుంటే బాబు కనిపిస్తూ ఉంటాడు, నీళ్ళ గది ఎటువైపు... అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. నీలం రేకులతో మెరిసే కువైట్ టవర్స్ ముందు గాలికి పిల్లల టోపీలు ఎగిరిపోవడం చెప్పింది. మాల్స్‌లో ఆటలబొమ్మల అంతస్తులు చెప్పింది. ముబారకియా పాతబజారు మాత్రం పదకొండేళ్ళలో చూళ్ళేదు, పిల్లలకి అక్కడ పనిలేదు కాబట్టి. శుక్రవారాలు తెలుగువాళ్ళంతా చేరే మాలియా అనే చోటు ఉందని ఏడో ఏడు దాకా తెలియదు. "పిల్లోడితోటైతే ఎవరూ ఏమనరండి. ఒక్కదాన్నీ గేటు దాటితేనే ఎక్కడికీ, ఎందుకూ అని" అంది.

సింగపూరు తోట గేటు దగ్గరి నియమమే! మధ్యతరగతి తల్లికి బిడ్డ పాస్‌పోర్టు అయినట్టే ఈవిడకీ అయింది. నడక ఒకటే, పిల్లాడి ఎత్తు నుంచి చూసే చూపు ఒకటే, నీడ కోసం వెతుక్కోవడం ఒకటే. తేడా అంతా ఆ బిడ్డ ఎవరి బిడ్డ అన్నదాంట్లోనే ఉంది. తన అసలు పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. అలా పెట్టుకోవడాన్ని ఆ దేశపు చట్టమే ఒప్పుకోదు. కువైట్ 2015లో ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం తెచ్చింది, 2016లో నెలకి అరవై దినార్ల కనీస వేతనం పెట్టింది. ఇంటిపనివారి హక్కుల మీద 2011లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికని మాత్రం గల్ఫ్ దేశాలు ఆమోదించలేదు. మనదేశమూ ఆమోదించలేదు.

2000లో ఆర్లీ హాక్‌షీల్డ్ ఈ ఏర్పాటుని ప్రపంచ సంరక్షణ గొలుసు అంది. ఒక దేశపు తల్లి పనికి వెళ్తే ఇంకో దేశపు తల్లి ఆమె పిల్లల్ని చూస్తుంది, ఆ రెండో తల్లి పిల్లల్ని ఇంకొకరు చూస్తారు. మాట బాగుంది, సెమినార్లకి మరీ బాగుంది. కానీ గొలుసు అన్నప్పుడు లంకెలన్నీ సమానంగా ఉన్నట్టు వినిపిస్తుంది. మా ఊళ్ళలో ఆ గొలుసు చివర మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ ఉంటుంది. అమ్మమ్మ కూడా లేని ఇళ్ళలో పెద్దకూతురు ఉంటుంది, పదో తరగతి మధ్యలో ఆపేసి.

సాహిత్యం ఈ మనిషిని ఎలా చూసిందో చూద్దాం. గల్ఫ్ అనగానే భారతీయ పాఠకులకి గుర్తొచ్చేది బెన్యామిన్ మలయాళ నవల 'ఆడుజీవితం' (2008). గొప్ప నవలే. కానీ అది ఎడారి, అది మగవాడు. తెలుగులో నేను చదివినంతలో గల్ఫ్ కథల్లో ఎక్కువ భాగం అప్పు, ఏజెంటు మోసం, శవపేటిక చుట్టూ తిరిగేవే. వాటి అవసరాన్ని తక్కువ చెయ్యను. ఇంటిపనికి వెళ్ళిన స్త్రీ వాటిలో వస్తే రెండే వేషాలు: హింసపడి తిరిగొచ్చినావిడ, లేదా డబ్బుతో తిరిగొచ్చి శీలం గురించి ఊరి నోట్లో పడినావిడ. ఊరు చూసిన మనిషిగా, గమనించిన మనిషిగా, పోల్చి తూచగల మనిషిగా ఆమె నాకు కనపడలేదు. ఆమెకి బాధ ఉండటాన్ని మన కథ ఒప్పుకుంటుంది. ఆమెకి దృష్టి ఉందని ఒప్పుకోవడానికే వెనకాడుతుంది.

సింగపూరు దర్శకుడు ఆంథొనీ చెన్ తీసిన 'ఇలో ఇలో' (2013) ఈ దగ్గరదాకా వచ్చిన సినిమా. 1997 ఆర్థిక సంక్షోభ కాలంలో ఒక మామూలు ఇంటికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన టెరెసాకీ, ఆ ఇంటి మొండి పిల్లాడికీ మధ్య పెరిగే అనుబంధం కథ. చైనీస్ భాషలో దాని పేరుకి 'అమ్మానాన్నా ఇంట్లో లేరు' అని అర్థం. చిన్నప్పుడు తమ ఇంట్లో పనిచేసినావిడ జ్ఞాపకం నుంచే దర్శకుడు ఆ సినిమా తీశాడు. కాన్‌లో తొలిచిత్రానికి ఇచ్చే పురస్కారం వచ్చింది. ఆ తరవాత ఆవిడ ఆచూకీ దొరికి కలుసుకున్నారు కూడా. ఆ సినిమాలో నాకు నచ్చేది కరుణకంటే కూడా కచ్చితత్వం. తల్లి అసూయని అది దాచదు. తన కొడుకు ఇంకొకరి చేతి అన్నానికి అలవాటు పడుతుంటే ఆ స్త్రీ ముఖంలో కనిపించేది మన ప్రవాస వ్యాసాల్లో ఎక్కడైనా ఉందా? అయినా అక్కడ కూడా గుర్తుచేసుకున్నది పెరిగి పెద్దయిన పిల్లాడే. టెరెసా ఊళ్ళో వదిలొచ్చిన పసివాడికి ఏం గుర్తుందో మరో సినిమాకి విషయం.

"ఆమె చేత రాయిద్దాం" అని కొందరు మిత్రులు అంటారు. ఆ మాటలో ఉన్న పెద్దరికం నాకు నచ్చదు. ఆమె ఇప్పటికే రాసింది, అంటే చెప్పింది. ఎనభైలు, తొంభైల్లో గల్ఫ్ నుంచి ఇళ్ళకి టేపురికార్డర్ క్యాసెట్లు వచ్చేవి, ఉత్తరం రాయలేనివాళ్ళు మాట్లాడి పంపేవాళ్ళు. తరవాత ఫోన్‌కార్డులు, ఇప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజీలు. స్త్రీల పాటలనీ సామెతలనీ సేకరించిన విశ్వవిద్యాలయాలు వీటిని సాహిత్యమని అనుకోలేదు. రాజోలు ఆవిడ రాత్రి పదిన్నరకి, కువైట్ పిల్లలు పడుకున్నాక, కూతురికి ఆ రోజు చూసినదంతా చెప్పేదట. అప్పటికి ఇక్కడ ఒంటిగంట. కూతురు పొద్దున్న లేచి వినేది. అలా ఆ పిల్ల సాల్మియా సముద్రాన్నీ సొరచేపల్నీ విని పెరిగింది. పిల్లలతో నగరం చూడటమంటే ఇది కూడానేమో. ఒక పిల్లాడికి చెయ్యి, ఇంకో పిల్లకి గొంతు.

ఆ మెసేజీలు ఉన్నాయా అని కూతుర్ని అడిగాను. అమలాపురంలో నర్సింగు చదువుతోంది. పాత ఫోను నీళ్ళలో పడిందండి, కొత్తదాంట్లో ఒక ఏడాదివి ఉన్నాయండి, అంది. వినిపించమంటే సిగ్గుపడి ఒక్కటి పెట్టింది. నలభై సెకన్లు. సగం హోరుగాలి. చలి మొదలైందనీ, బాబుకి కొత్త బూట్లు కొన్నారనీ, అవే కొలత చూసి నీకూ తీసుకున్నాననీ, అట్టపెట్టెలో పంపుతున్నాననీ ఉంది. బూట్లు సరిపోయాయా అని అడిగాను. "వదులయ్యాయండి. ఆ బాబు నాకంటే పెద్ద పాదం" అంది.